పైకెక్కిన నీళ్లు

మా వీధిలో నీళ్లకు కూడా పెద్దరికం ఉంది. వీధి మొదట్లో, మిట్ట మీద నుయ్యి. నుయ్యి పక్కనే మా ఇల్లు. మేము బట్టలకు లేత రంగులు వేసేవాళ్లం. మా నిమ్మపసుపు చూసి మా ఇల్లు గుర్తుపట్టేవాళ్లున్నారు. మేము బట్ట జాడించి వదిలిన నీళ్లు కాలువలో పడి, ఎరుపు వేసే ఎర్రింటికి వెళతాయి. ఎర్రింటివాళ్లు వాడి వదిలినవి నీలింటికి వెళతాయి. అందరి పనీ అయ్యాక చిట్టచివర నల్లింటికి చేరతాయి. నలుపుకు ఏ నీళ్లయినా ఒకటే. ఒకసారి తోడిన నీళ్లే నాలుగిళ్లకు అన్నం పెడతాయి మా దగ్గర. ఇలాంటి వీధి ఇంకొకటి ఉందంటే నేను ఒప్పుకోను, మీరు ఎన్నయినా చెప్పండి.

ఈ వరుసలో మొదటి ఇల్లు మాదని నాన్నకు గర్వం. నాకూ గర్వమే, దాచుకోవడమెందుకు? అన్నయ్య నల్లింటి అమ్మాయిని చేసుకుంటానన్నప్పుడు నాన్న కాదనలేదు. పిల్ల పనిమంతురాలని ఆయనే నలుగురికీ చెప్పుకున్నాడు. కానీ పెళ్లి మాటలప్పుడు తప్ప వియ్యంకుడి గడప తొక్కలేదు. ఏమన్నా అంటే, దిగడం తేలికే గానీ ఎక్కడానికి మోకాళ్లు ఒప్పుకోవడం లేదనేవాడు. అదే మోకాళ్లతో రోజూ మేడ మెట్లెక్కి బట్టలారేసేవాడు.

ఈ వేసవిలో ఒకరోజు మోటారు వేస్తే నీళ్లకు బదులు బురద వచ్చింది. నీళ్ల ఆఫీసు నుంచి ఒకాయన వచ్చి నూతిలోకి తొంగి చూసి, ఇంకోసారి బురద వస్తే మోటారుకు సీలు వేస్తానని చెప్పి వెళ్లాడు. మోటారు ఆగితే మా ఒక్కరి పనే కాదు, కింద మూడిళ్ల పనీ ఆగినట్టే. నాన్న ఆఫీసాయన్నీ తిట్టాడు, ఎండనీ తిట్టాడు, చివరికి నూతి మీద కూడా అలిగాడు. నూతి మీద అలిగితే దాహం ఎవరికి? అలగడంలో మాత్రం మా ఇంటివాళ్లది అందెవేసిన చెయ్యి.

ఆ మధ్యాహ్నం అన్నం వడ్డిస్తూ వదిన మాట కదిపింది.

"మామయ్యా, ముడి బట్టకి గంజి వదలగొట్టడానికే సగం నీళ్లు పోతున్నాయి. నానబెట్టడానికి నూతి నీళ్లే ఎందుకు? మా నాన్న వాడిన నీళ్లని తొట్లో తేరనిచ్చి, ఇసకలోంచీ బొగ్గులోంచీ దింపి పైకి పంపిస్తాడు. పాత మోటారు మా పెరట్లో ఊరికే పడుంది."

నాన్న చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. "నల్లింటి నీళ్లా? నిమ్మపసుపుకా?"

"రంగుకి కాదు మామయ్యా, నానబెట్టడానికే."

"నీరు పల్లమెరుగు అన్నారు పెద్దలు."

"మోటారుకి మిట్ట కూడా తెలుసు."

అన్నయ్య కంచంలోకి చూస్తూ మెతుకులు లెక్కపెడుతున్నాడు. భార్యకూ తండ్రికీ మధ్య మాట వస్తే వాడి పద్ధతి అదే. నాకు నవ్వాగలేదు. నాన్న చూపు నావైపు తిరిగేసరికి నీళ్లు తాగుతున్నట్టు నటించాను.

"బట్ట పాడైతే?" అన్నాడు నాన్న.

"పాడైతే నేనే మోసుకెళతాను."

మా వీధిలో పాడైన బట్టను పారెయ్యరు. పసుపు చెడితే ఎరుపులో ముంచుతారు, ఎరుపు చెడితే నీలంలో. ఏదీ కుదరకపోతే నలుపు ఉండనే ఉంది. అయితే చెడగొట్టినవాళ్లే దాన్ని భుజాన వేసుకుని, పట్టపగలు వీధి మధ్య నుంచి నడిచి, కిందింట్లో అప్పగించాలి. గుమ్మాల్లో అందరూ నిలబడి చూస్తారు. ఒకసారి అలా నడిచినవాళ్ల చేతికి పెద్ద పని మళ్లీ ఇవ్వరు. వదిన తన చేతి పనినే పందెం కాసింది. నల్లింటి నీళ్లతో చెడినదానికి నలుపే గతి కనక, అదీ నడవాల్సింది పుట్టింటికి.

"సరే, కానివ్వు" అన్నాడు నాన్న.

మర్నాడే పైపు వేశారు. కింది నుంచి ఎక్కిన నీళ్లు గ్లాసులో పట్టి చూస్తే తేటగా ఉన్నాయి. ముడి బట్ట వాటిలో నానింది, గంజి వదిలింది, నూతి నీళ్లలో పసుపు పట్టింది. నాన్న ఆరిన బట్ట అంచు వేళ్ల మధ్య నలిపాడు, ఎండలో పెట్టి చూశాడు, వాసన కూడా చూశాడు. వంక దొరకలేదు. దొరకలేదన్న కోపంతో ఆ పూట నా మీద అరిచాడు. అలా వారం గడిచింది. నూతిలో నీళ్లు మళ్లీ పైకి వస్తున్నాయి. ఈ ఉపాయం మా వదినదని చెప్పుకోవడానికి నేను పనిలేకపోయినా నీలింటిదాకా వెళ్లి వస్తున్నాను.

అప్పుడు పెద్ద పని వచ్చింది. రాత్రంతా నానబెట్టి, పొద్దున రంగు వేసి, మేడ మీద ఆరేశాం. ముడి బట్ట ఎలాగూ మాసినట్టే ఉంటుంది కనక తడి మీద ఏమీ తెలియలేదు. ఆరాక చూస్తే మేడంతా మసి పట్టిన పసుపు. వాడిపోయిన నిమ్మతొక్క రంగు.

వదిన చరచరా పుట్టింటికి దిగి వెళ్లింది, అంతే వేగంగా తిరిగి వచ్చింది.

"నాన్న నిన్న బొగ్గు మార్చాట్ట. మన నీళ్లు పైకి వెళుతున్నాయి, పాత బొగ్గెందుకని కొత్తది పోశాట్ట. పొడి పోయేలా కడగలేదు. కడిగితే నీళ్లు ఖర్చవుతాయని."

బిందెడు నీళ్లు మిగల్చబోయి, మేడంతా బట్ట చెడగొట్టాడు. ఇలాంటి తప్పు మా వీధివాళ్లు తప్ప ఇంకెవరు చేస్తారు?

వదిన ఒక్కొక్క తానూ దించి మడత పెట్టింది. అన్నయ్య సాయానికి వెళితే వద్దంది. మూట కట్టి, కొంగు బిగించుకుని, ఎత్తడానికి వంగింది. ఆమె కళ్లలో నీళ్లు లేవు. నా కళ్లలోనే ఉన్నాయి.

అప్పటిదాకా పిట్టగోడ దగ్గర నిలబడ్డ నాన్న వచ్చి మూట మీద చెయ్యి వేశాడు.

"నువ్వాగమ్మా."

"నేనన్న మాటేగా మామయ్యా."

"పైపు వెయ్యమన్నది నేను. ఇంటికి పెద్దని నేనా, నువ్వా?"

ఆ మూట ఆయన భుజానికెక్కింది. నేనూ వదినా వెనకాలే నడిచాం. ఎర్రింటి గుమ్మంలో పెద్దాయన నోరు తెరుచుకుని చూశాడు.

"ఎవరు చెడగొట్టారు?" అని అడిగాడు.

"మేమే" అన్నాడు నాన్న. "మా ఇంటి పనే."

ఆ మాటే నీలింటి దగ్గరా చెప్పాడు. అడగకపోయినా చెప్పాడు. లేత రంగుల ఇంటి పెద్ద చెడిన బట్ట మోసుకుంటూ ఆ వీధిలో నడవడం అంతకు ముందు ఎవరూ చూడలేదు. తల ఎత్తుకునే నడిచాడు మా నాన్న. ఏ నిమ్మపసుపు చూసినా నాకంత గర్వం కలగలేదు.

నల్లింటి ముందు వదిన వాళ్ల నాన్న చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు.

"బావగారూ, ఇది నా వల్ల..." అన్నాడు.

నాన్న మూట ఆయన అరుగు మీద దించాడు. పక్కనే కూర్చుని మోకాలు రుద్దుకున్నాడు. లోపలికి చూసి మంచినీళ్లు అడిగాడు. తెచ్చిన చెంబు పూర్తిగా తాగాక నోరు తుడుచుకున్నాడు.

"దీనికి నలుపు వెయ్యండి బావగారూ. సాయంత్రం మళ్లీ నానబెట్టాలి, నీళ్లు పంపించండి. బొగ్గు మాత్రం కడగండి."