మొదటి స్విచ్చి

భవానీపురంలో ఎవరు కంప్యూటర్ కొన్నా మొదటి స్విచ్చి రామకోటేశ్వరరావే వెయ్యాలి. ఈ రూలు ఎవరు పెట్టారో ఎవరికీ తెలీదు గానీ ఐదేళ్ళుగా నడుస్తోంది. తొంభై ఆరులో ఆ పేటలో మొట్టమొదట కంప్యూటర్ కొన్నది అతనే. ఇరిగేషన్ ఆఫీసులో సీనియర్ అసిస్టెంటు, నలభై తొమ్మిదేళ్ళవాడు, నోరు మంచిది. ఇంకేం కావాలి? కొనబోయే ప్రతివాడూ ముందు అతని గుమ్మం తొక్కేవాడు.

ఆదివారం చూసి, మంచి గంట చూసి, మానిటర్‌కి పసుపు రాసి బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టి అప్పుడు కోటేశ్వరరావుని కుర్చీలో కూర్చోబెట్టేవాళ్ళు. అతను ఒకసారి అందరి మొహాలూ చూసి, గోడ మీద స్విచ్చి వేసి, సీపీయూ డబ్బా మీద బటన్ నొక్కేవాడు. లోపలినుంచి బీప్ మని వినబడగానే చప్పట్లు. తరవాత తాంబూలం, రెండు అరటిపళ్ళు, ఒక తువ్వాలు. అతని బీరువాలో అలాంటి తువ్వాళ్ళు పదిహేడున్నాయి. ఒక్కటీ వాడడు, ఎవర్నీ వాడనివ్వడు.

అతని సలహా ఏమిటయ్యా అంటే ఒకటే: "నా దగ్గరున్నలాంటిదే తీసుకోండి." పిల్లల చదువుకైనా, కొట్టులో బిల్లులకైనా, ఎవరికైనా అదే. ఇక రిపేరొస్తే, వెళ్ళి కూర్చుని ముందు పోలీసు ఎంక్వయిరీ మొదలుపెట్టేవాడు.

"ముందు మీరేం నొక్కారు?"

"మేమేం నొక్కలేదండీ. దానంతటదే ఆగిపోయింది."

"దానంతటదే ఏదీ జరగదండీ. ఎవరో ఏదో చేసుంటారు. చెప్పండి, ఎవరు?"

ఆ ఇంట్లో పిల్లలు ఒకరి మొహాలొకరు చూసుకునేవాళ్ళు. కోటేశ్వరరావుకి ఆ క్షణం ఎంత ఇష్టమో చెప్పలేం.

అంతా బాగానే ఉండేది, అర్ఫా రాకపోతే.

అర్ఫా వన్ టౌన్‌లో రేడియోలు, టేప్ రికార్డర్లు బాగుచేసే అబ్దుల్ రవూఫ్ గారి కూతురు. ఇరవై ఏళ్ళుంటాయి. హార్డ్‌వేర్ కోర్సు చేసి, నాన్న కొట్టులోనే ఓ పక్క బల్ల వేసుకుంది. రవూఫ్ గారికో అలవాటుంది. బాగుచేసిన సెట్టు మూత బిగించాక, స్క్రూ మీద చిన్న కాయితం ముక్క అంటించి తేదీ వేసి సంతకం పెడతారు. తరవాత ఎవరైనా విప్పితే కాయితం చిరిగో ఊడో తెలిసిపోవాలి. అర్ఫా కూడా అదే నేర్చుకుంది. తను ముట్టుకున్న ప్రతి కంప్యూటర్‌కీ ఎక్కడో ఓ చోట అగ్గిపుల్లంత కాయితం, దాని మీద బుల్లి సంతకం.

మొదట్లో కోటేశ్వరరావు నవ్వుకున్నాడు. రేడియో కొట్టు పిల్ల, మనకేం పోటీ అనుకున్నాడు. కంకిపాడు వ్యవహారంతో ఆ నవ్వు కాస్తా ఎగిరిపోయింది.

కంకిపాడులో అతని బావమరిదికి పురుగుమందుల షాపుంది. అక్కడి కంప్యూటర్ ఒకరోజు తెర నల్లగా పెట్టుకుని కూర్చుంది. కోటేశ్వరరావు బస్సెక్కి వెళ్ళి, పూటంతా దానితో కుస్తీ పట్టి, "మదర్‌బోర్డు పోయింది, మార్చాల్సిందే" అని తీర్పు చెప్పి, కోడికూర తిని వచ్చేశాడు. రెండోరోజు బావమరిది ఎవరో చెబితే అర్ఫాని పిలిచాడు. ఆ పిల్ల మూత తీసి, లోపల ర్యామ్ అనే చిన్న పట్టీ ఊడదీసి, దాని అంచుని పెన్సిల్ రబ్బరుతో నాలుగుసార్లు రుద్ది మళ్ళీ పెట్టింది. తెర వెలిగింది. అంతే! పది నిమిషాల పని.

"రబ్బరుతో రుద్దిందంట బావా! రబ్బరుతో!" అని ఫోన్లో బావమరిది పగలబడి నవ్వాడు. కోటేశ్వరరావు కూడా నవ్వాడు. ఫోన్ పెట్టేశాక ఆ రోజంతా ఎవరితోనూ మాట్లాడలేదు.

అప్పట్నుంచీ మొదలైంది కడుపుమంట. మెల్లగా మనుషులు రావడం తగ్గింది. సాయంత్రం వరండాలో కూర్చుంటే అర్ఫా మోపెడ్ వీధిలో పోతూ కనిపించేది. ఎవరింటి ముందు ఆగుతుందోనని మెడ చాచి చూసేవాడు. మూడో ఇంటి ముందు ఆగితే ఒళ్ళు మండేది. ఆగకుండా పోతే, ఇంకా దూరంగా ఎవరో పిలిచారన్నమాట అని అదో మంట. ఆ పిల్ల కొనబోయేవాళ్ళని "మీరు దీంతో ఏం చేస్తారండీ?" అని ముందు అడుగుతుందట, దాన్నిబట్టి ఏది కొనాలో చెబుతుందట. ఈ మాట అతనికి చెప్పింది ఎవరో కాదు, కట్టుకున్న భార్య మాణిక్యం.

"ఎంత ఓపిగ్గా చెబుతుందోనండీ ఆ పిల్ల!" అంది ఆవిడ అన్నం వడ్డిస్తూ.

"అయితే దాన్నే వడ్డించమను" అని కంచం ముందునుంచి లేచిపోయాడు. ఆ మాటకి అర్థంపర్థం లేదని అతనికీ తెలుసు.

ఇలా ఉండగా శివపార్వతి గారు ఆఫీసు గదికి కంప్యూటర్ కొన్నారు. ఆవిడ ఆ పేటలో చిన్న ప్రైవేటు బడి నడుపుతారు. కోటేశ్వరరావుని "అన్నయ్య గారూ" అని పిలుస్తారు. ఇది బాగా పనిచేస్తే పిల్లల ల్యాబుకి ఇంకో పది కొంటారని పేటంతా తెలుసు. పది కంప్యూటర్లంటే మాటలా? వాటిని ఎంచిపెట్టినవాళ్ళదే ఇక భవానీపురం. అలాంటిది, ఆవిడ అర్ఫాని అడిగి కొన్నారు. కోటేశ్వరరావుకి కబురందేసరికి డబ్బాలు బడికి చేరిపోయాయి కూడా.

"ఆదివారం పదీ నలభైకి ముహూర్తం. మీరూ మాణిక్యం వదిన గారూ తప్పకుండా రావాలి" అని ఫోన్ చేశారు.

వెళ్ళకూడదనుకున్నాడు. వెళ్ళకపోతే ఏడ్చి ఇంట్లో కూర్చున్నాడంటారని వెళ్ళాడు.

బడి ఆఫీసు గదిలో బల్ల మీద కొత్త మానిటర్, బల్ల కింద నేల మీద డబ్బా, అన్నీ సిద్ధంగా ఉన్నాయి. మాణిక్యం పక్క గదివైపు ప్రసాదం సంగతి చూడ్డానికి వెళ్ళింది. శివపార్వతి గారు హారతి పళ్ళెం తేవడానికి వెళ్ళారు. అర్ఫా "ప్లగ్గు బాక్సు బండిలో మర్చిపోయా, ఇప్పుడే తెస్తా సార్" అని బయటికి పరిగెత్తింది. గదిలో కోటేశ్వరరావు ఒక్కడే మిగిలాడు.

ఊరికే చూద్దామనే వంగాడు. డబ్బా వెనకాల, కరెంటు వైరు పెట్టే చోటు పక్కన చిన్న ఎర్ర స్విచ్చి ఉంది. ఒక పక్కకి 230, ఇంకో పక్కకి 115. మన కరెంటుకి 230లోనే ఉండాలి. 115లో ఉండగా గోడ స్విచ్చి వేస్తే ఢామ్మని పేలి పొగొస్తుంది. ఈ సంగతి అతనికి ఎలా తెలుసంటే, తొంభై ఆరులో తన సొంత కంప్యూటర్‌ని మొదటిరోజే అలా పేల్చుకున్నాడు. ఆ మాట మాణిక్యానికి కూడా చెప్పలేదు.

ఎర్ర స్విచ్చి మీద అడ్డంగా ఒక కాయితం ముక్క ఉంది. "230" అని రాసి, తేదీ, కింద అర్ఫా సంతకం.

ఆ సంతకం చూసేసరికి ఎక్కడ లేని ఉక్రోషం తన్నుకొచ్చింది. ఏం చూసుకుని ఇంత ధీమా? అందరి ముందూ ఒక్కసారి ఢామ్మంటే తెలుస్తుంది! బొటనవేలి గోటితో కాయితం లేపాడు. పెన్ను మొనతో ఎర్ర స్విచ్చి అవతలికి నెట్టాడు. టక్ మంది. బయట చెప్పుల చప్పుడు వినబడితే కాయితాన్ని చొక్కా జేబులో కుక్కి, కుర్చీలో కూలబడ్డాడు. సిగ్గేసింది. అయినా లేచి దాన్ని సరిచెయ్యలేదు.

ప్లగ్గు పెట్టారు. బొట్టు పెట్టారు. కొబ్బరికాయ పగిలింది, హారతి అయింది. పదీ ముప్పై ఎనిమిది. ఇక ఆ పిల్ల స్విచ్చి వేస్తుందని కోటేశ్వరరావు కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు.

"రండి అన్నయ్య గారూ. మీరే వెయ్యాలి" అన్నారు శివపార్వతి గారు.

"నేనేంటండీ? ఆ అమ్మాయి కదా..."

"నేనే చెప్పాను సార్ మేడంకి" అంది అర్ఫా. "నేను మొదటిసారి కంప్యూటర్ చూసింది మీ ఇంట్లోనే. స్టెబిలైజర్ బాగుచెయ్యడానికి అబ్బాతో వచ్చా. టెన్త్‌లో ఉన్నానప్పుడు. మీరు నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, భయపడకు, నొక్కమ్మా అన్నారు. గుర్తుందా సార్?"

గుర్తులేదు. ఒట్టు, అతనికి గుర్తే లేదు. ఏదో సరదాలో అని ఉంటాడు. ఆ పిల్ల మాత్రం ఐదేళ్ళుగా దాచుకుంది.

లేచి గోడ దగ్గరికి నడిచాడు. స్విచ్చి మీద వేలు పెట్టాడు. వేలు కిందికి దిగలేదు. వేస్తే పేలేది తన చేతి మీదుగానే, కానీ పరువు పోయేది అర్ఫాది. అరనిమిషం కిందటిదాకా అదే కదా కావాలనుకున్నాడు!

"టైమైపోతోందండీ" అంది మాణిక్యం.

"ఒక్క నిమిషం" అని మోకాళ్ళ మీద బల్ల కిందికి దూరాడు. పెన్నుతో ఎర్ర స్విచ్చిని మళ్ళీ 230కి నెట్టాడు. ఇక మెదలకుండా లేచి స్విచ్చి వేసుంటే సరిపోయేది. కానీ "ఏమైంది అన్నయ్య గారూ?" అని ఆవిడ అడిగారు. అడిగితే చెప్పకుండా ఉండే నోరా అది? ఐదేళ్ళ అలవాటు!

"వెనకాల స్విచ్చి నూట పదిహేనులో ఉందండీ. సరిచేశాను."

"అలాగే ఉండి వేస్తే?"

"పేలిపోయేది."

అయ్యో, ఆ మాట ఎందుకన్నాడు! శివపార్వతి గారి మొహం మారిపోయింది.

"చూశావా అమ్మాయ్! అనుభవం అంటే అదీ. ఇదే రేపు ల్యాబులో పిల్లల ముందు పేలుంటే? నిన్ను నమ్మి పది కంప్యూటర్లు అప్పజెబుదామనుకున్నాను. అన్నయ్య గారూ, ల్యాబు సంగతి ఇక మీరే చూడండి."

"ఏవండీ, మీరు లేకపోతే ఏమైపోయేదో!" అంది మాణిక్యం. పెళ్ళైన కొత్తలో చూసినట్టు చూసింది.

అబద్ధమెందుకు, కోటేశ్వరరావుకి సంతోషమేసింది. ఏడాదిగా ఆకలేసిన మనిషికి విస్తరి నిండా వడ్డించినట్టుంది. ఆ ఒక్క క్షణం తను ఏం చేశాడో కూడా మర్చిపోయాడు.

అర్ఫా బల్ల వెనక్కి వెళ్ళి చూసి వచ్చింది. మొహం పాలిపోయింది.

"నేను 230లోనే పెట్టా మేడం. కాయితం కూడా అంటించా."

"ఏదీ కాయితం?"

"ఇప్పుడు లేదు మేడం."

"మరి దానంతటదే ఊడిపోయి, స్విచ్చి దానంతటదే తిరిగిపోయిందంటావా?" అన్నారు శివపార్వతి గారు.

ఆ మాట అతనిదే. ఎన్ని ఇళ్ళలో, ఎంతమంది పిల్లల్ని ఆ మాటతో నిలబెట్టాడో! అర్ఫా తలొంచుకుని స్క్రూడ్రైవర్లు సంచీలో సర్దుకుంటోంది.

"దానంతటదే ఏదీ జరగదండీ" అన్నాడు కోటేశ్వరరావు. గొంతు అతనికే కొత్తగా వినబడింది. "తిప్పింది నేనే."

శివపార్వతి గారు నవ్వేశారు.

"ఎంత మంచి మనసండీ మీది! చిన్నపిల్ల బాధపడుతుందని తప్పు మీ మీద వేసుకుంటున్నారా? చూడమ్మాయ్, పెద్దవాళ్ళని చూసి నేర్చుకో!"

మాణిక్యం కళ్ళు తుడుచుకుంది కూడా. ఖర్మ! నిజం చెప్పినా కీర్తే వచ్చి పడుతోంది. ఇక ఊరుకుంటే చాలు. చెప్పవలసింది చెప్పేశాడు, నమ్మకపోతే అతని తప్పా? పది కంప్యూటర్లూ అతనివే, పద్దెనిమిదో తువ్వాలు కూడా అతనిదే. తలెత్తి చూస్తే అర్ఫా అతన్నే చూస్తోంది. ఆ గదిలో అతని మాట నమ్మింది ఆ పిల్ల ఒక్కతే.

జేబులో చెయ్యి పెట్టాడు. కాయితం ముక్క ఉండలా చుట్టుకుపోయింది. విప్పి శివపార్వతి గారి అరచేతిలో పెట్టాడు. "230", తేదీ, సంతకం.

ఆవిడ దాన్ని చూశారు. అతని జేబుకేసి చూశారు. నవ్వు ఆగిపోయింది.

"ఎందుకండీ?" అన్నారు చివరికి.

"కుళ్ళండీ. ఆ పిల్లంటే కుళ్ళు. ఏడాదిగా కుళ్ళి చస్తున్నాను."

అర్ఫా సంచీలోంచి కొత్త కాయితం తీసింది. నిదానంగా "230" అని రాసి, తేదీ వేసి, సంతకం పెట్టింది. బల్ల కిందికి వెళ్ళి అంటించి వచ్చింది.

"సార్, మీరు కొంచెం దూరంగా నిలబడండి" అంది. గొంతులో కోపం లేదు, మర్యాద కూడా లేదు.

కోటేశ్వరరావు గుమ్మం దాకా జరిగాడు. అర్ఫా గోడ స్విచ్చి వేసి, బటన్ నొక్కింది. బీప్ మంది. తెర వెలిగింది. శివపార్వతి గారు తాంబూలం పళ్ళెం తీసి, తువ్వాలుతో సహా అర్ఫా చేతిలో పెట్టి, "ల్యాబుకి కావాల్సినవి రేపొచ్చి చూడమ్మా" అన్నారు. చప్పట్లు మాత్రం ఎవరూ కొట్టలేదు. కొట్టబోయి ఆగిన చేతులు కోటేశ్వరరావువే. బొటనవేలికి ఇంకా జిగురు అంటుకునే ఉంది. చొక్కాకి రుద్దాడు, పోలేదు. మళ్ళీ రుద్దాడు.

మాణిక్యం వచ్చి అతన్ని దాటుకుని చెప్పులేసుకుంది. మొహం చూడలేదు.

"ఇంటికెళ్ళి కడుక్కుందురు గాని" అంది. "నడవండి."