పూల సందు దాకా

తుంటి ఆపరేషన్ అయినప్పట్నుంచీ ఆ ఇంటి ముసలామె పెద్ద మామా చక్రాల కుర్చీ దిగనంటే దిగనని మొండికేసింది. కువైట్‌లో పనివాళ్లకి ఇంటి యజమానురాలు మామా, ఆమె తల్లి పెద్ద మామా. డాక్టరు నడవమన్నాడు, కూతురు బతిమాలింది. ముబారక్ అల్ కబీర్ ప్రాంతంలోని ఆ ఇంట్లో ఆమెను చూసుకునే వెంకటేశ్వరి రోజూ వాకర్ తెచ్చి ముందు పెట్టేది. "ఖలాస్! నా నడక అయిపోయింది," అని ముసలామె ముఖం తిప్పుకునేది.

సెలవుల్లో కూతురు పిల్లల్ని తీసుకుని స్పెయిన్ వెళ్లింది. ఒక పొద్దున కోర్డోబా నుంచి పెద్ద మామా ట్యాబ్‌కి వీడియో కాల్ చేసింది. వెనకాల నది, నది మీద పాత రాతి వంతెన.

పెద్ద మామా ట్యాబ్ మీదికి వంగిపోయింది. "ఆ వంతెన! పెళ్లయిన కొత్తలో మీ నాన్నా నేనూ దాని మీద నడిచాం. పాత ఊళ్లో పూల సందు ఉంటుంది, చివర నీళ్ల ఫౌంటెన్. అక్కడికి పో, నాకు చూపించు!"

ఆమె గొంతులో అంత హుషారు వెంకటేశ్వరి ఎన్నడూ వినలేదు. చప్పున ఒక ఆలోచన తట్టింది. తిడతారేమో అనుకుంటూనే తనకొచ్చిన అరబ్బీలో కూతురితో అనేసింది. "మామా, మీరు అడుగు వేయొద్దు. పెద్ద మామా ఇక్కడ నడిస్తేనే మీరు అక్కడ నడవండి. ఆమె ఆగితే మీరూ ఆగండి."

అవతల కూతురు పకపకా నవ్వింది. "సరే! అమ్మా, నేను ఇక్కడే నిలబడి ఉన్నా."

"నీకెంత ధైర్యమే!" పెద్ద మామా వెంకటేశ్వరిని గుడ్లురిమి చూసింది. మళ్లీ వంతెన వంక చూసింది. "తే ఆ వాకర్."

వెంకటేశ్వరి గబగబా డ్రైవర్ షావలిని కేకేసింది. అతనిదీ కడప వైపే.

"ఈ ట్యాబ్ పట్టుకోని ఆమె ముందర ఎనక్కి నడువు షావలీ!"

"ఎనక్కి నడిస్తే యాడన్నా తగులుకుంటానక్కా!"

"తగులుకుంటే తగులుకో. ట్యాబ్ మాత్రం పడేయాకు."

పెద్ద మామా లేచింది. వాకర్ పట్టుకుని మొదటి అడుగు వేసింది. తెర మీద వంతెన కదిలింది. ఇంకో అడుగు. హాలు సగం దాటేసరికి అక్కడ వంతెన అయిపోయి, పాత మసీదు గోడ వచ్చింది. ముసలామె నుదుట చెమట చూసి వెంకటేశ్వరి కుర్చీ దగ్గరికి లాగింది. "కూచుంటారా?"

"నేను కూచుంటే అదీ కూచుంటుంది. యల్లా, పద!"

ఇరుకు సందులు మొదలయ్యాయి. ఒక మలుపులో కూతురు కుడివైపు తిరిగింది. "అటు కాదు, ఎడమకి!" అని అరుస్తూ పెద్ద మామా తానే ఎడమకి తిరిగి వంటింట్లోకి నడిచింది. వెనక్కి నడుస్తున్న షావలి వీపు ఫ్రిజ్‌కి దభీమని తగిలింది. ముసలామె పడీపడీ నవ్వింది, ఆగలేదు.

అంతలో తెల్లటి గోడలు, గోడల నిండా నీలం కుండీలు, కుండీల్లో ఎర్రటి పూలు. "అదే!" అంది పెద్ద మామా. సందు చివర ఫౌంటెన్. కూతురు అందులో చెయ్యి ముంచింది. ముసలామె రెండు చేతులూ చాచింది.

"అక్కా, వాకర్ ఇడిచిపెట్టేసింది!" షావలి గుసగుసలాడాడు.

"సూస్తానే ఉండా, గమ్మునుండు!" వెంకటేశ్వరి చేతులు ఆమె నడుం చుట్టూ ఉన్నాయి. వాటి మీద బరువేమీ పడటం లేదు. ముసలామె తన కాళ్ల మీద తానే నిలబడి ఉంది.

"మీ నాన్న ఇక్కడే నా ముఖం మీద నీళ్లు చల్లాడు," అంటోంది పెద్ద మామా. "నేను వదిలానా? వంతెన దాకా తరిమాను!" అవతల కూతురు నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు.

మర్నాడు వెంకటేశ్వరి టీ తీసుకెళ్లేసరికి పెద్ద మామా చెప్పులేసుకుని మంచం అంచున కూర్చుని ఉంది. అప్పటికే కాల్ కలిపేసింది.

"అమ్మా, నిన్న తిరిగి తిరిగి నా కాళ్లు నొప్పులు," అంటోంది కూతురు నిద్రగొంతుతో.

"నావీ నొప్పులే. లేచి ముఖం కడుక్కో. ఇవాళ మసీదు లోపల చూడాలి."