తొలినార పలుపు

నేను ఒక పలుపుతాడును. పేనినప్పుడు మూడు మూరల పొడవు, చిటికెనవేలంత లావు. దూడ మెడకు కట్టడానికి పుట్టినదాన్ని. అలాంటి నన్ను మూడేళ్లు పోలీసు స్టేషన్‌లో పెట్టారంటే మీరు నమ్మరు. నమ్మకపోయినా వినండి, పోయేదేముంది.

నేను పుట్టింది బొబ్బిలి వైపు ఒక ఊళ్లో. అక్కడ తాతలనాటి నుంచి గోగు వేసి, నార తీసి బతికారు. జూట్ మిల్లులు ఒక్కొక్కటే మూతపడ్డాక గోగు వేసేవాళ్లు తగ్గారు, నార తీసే చేతులకు పని లేకుండా పోయింది. ఆ చేతుల్లోకెల్లా మేలైనవి దాలమ్మవి. నీళ్లలో ఊరుతున్న కట్టలోంచి ఒక కాడ లాగి, గోటితో గీరి, "ఇంకో రెండ్రోజులు" అందంటే రెండు రోజులే. మూడో రోజుకి నార కుళ్లిపోతుంది.

నేను పుట్టిన ఏడాది నార గంజాయిని మామూలు పైరులా రైతుల్ని వేసుకోనివ్వాలా వద్దా అని తేల్చడానికి, ఆ ఊళ్లో అరెకరంలో వేసి చూడమని ప్రభుత్వం అనుమతి ఇచ్చింది. అదీ గంజాయి జాతే. కాని మత్తెక్కించని రకం, గుడ్డకీ తాడుకీ పనికొచ్చే నార కోసం పెంచేది. ఆ పని మీద హిమజ అనే శాస్త్రవేత్త వచ్చింది. విత్తనం గురించీ నేల గురించీ ఆమెకు తెలియంది లేదు. నార తీయడం మాత్రం పుస్తకంలో చదివింది. అందుకే దాలమ్మ ఇంటికి వచ్చి సాయం అడిగింది.

"ఆ ఆకు జోలికి నాను రానమ్మా," అంది దాలమ్మ.

ఆ ఆకు పేరు కూడా ఆవిడ పలకదు. తమ్ముడు బంగారయ్య కూలికి ఆశపడి ఏజెన్సీ కొండల మీంచి ఒక మూట దించబోయి దొరికిపోయాడు. జైల్లో ఉండగానే జబ్బు చేసి పోయాడు. మూటలో ఏముందో తెలిసి మోశాడో, తెలియక మోశాడో ఇప్పటికీ ఎవరికీ తెలియదు. అప్పట్నుంచి ఇంట్లో ఆ మాట వినపడితే దాలమ్మ లేచి బయటికి వెళ్లిపోతుంది. ఇవన్నీ నన్ను పేనిన రోజున ఆవిడ మొగుడు తవిటయ్య నోట విన్నవే.

హిమజ నాలుగుసార్లు తిరిగింది. నాలుగోసారి ఏమీ బతిమాలలేదు. తాను ఊరబెట్టి తీసిన నార గుప్పెడు తెచ్చి చూపించింది. అది నల్లగా, జిగటగా, పెంటకుప్పలోంచి తీసినట్టుంది. దాలమ్మ ముక్కు మూసుకుని, "ఏటమ్మా ఇది, బంగారమంటి పైరుని పాడుసేసినావు," అంది. మర్నాడు పొద్దున్నే చెరువు దగ్గర ఉంది. పని చెడిపోతుంటే చూస్తూ ఊరుకోలేని మనుషులుంటారు. మీ ఇంట్లోనూ ఒకరుండే ఉంటారు.

కొత్తగా ఊరవేసిన పద్నాలుగో రోజున కట్టలు తీశారు. మొలలోతు నీళ్లలో నిలబడి దాలమ్మ మొదటి కాడను కొయ్యసుత్తితో నాలుగు దెబ్బలు వేసి, ఒక్క గుంజు గుంజింది. తెల్లగా, పొడుగ్గా నార ఊడివచ్చింది. ఆ నారే నేను. నన్ను ఎండకు ఎత్తి చూసి ఆవిడ నవ్వింది. నేను ఈ లోకంలో చూసిన మొదటి ముఖం అది. అందుకే ఆవిడంటే నాకు ప్రాణం.

తప్పు జరిగింది కూడా అప్పుడే. ఆ ఊళ్లో ఏడాదిలో మొదట తీసిన నారను అమ్మరు, ఎవరికీ ఇవ్వరు. ఇంట్లో అన్నిటికన్నా చిన్న దూడకి పలుపు పేనుతారు. దాలమ్మ తల్లి అలాగే చేసింది, అమ్మమ్మా అలాగే చేసింది. దాలమ్మ చేతులు కూడా, ఆవిణ్ణి అడక్కుండానే, నన్నూ నాతో ఇంకో నాలుగు కాడల నారనూ చుట్టచుట్టి రొంటిన దోపేశాయి. అనుమతి కాగితంలో మాత్రం ఒక్క పోగు కూడా బయటికి పోకూడదనీ, అంతా తూచి అప్పగించాలనీ ఉంది. ఆ కాగితం దాలమ్మ చదవలేదు. అందులోని షరతులు రాసిన హిమజకి తొలినార సంగతి తెలియదు.

నార ఎండాక నన్ను ముప్పేటగా పేని పెయ్యదూడ మెడలో వేసింది. ఆ మెడ వెచ్చగా ఉండేది. తొమ్మిది రోజులు హాయిగా గడిచాయి.

పదో రోజున తనిఖీకి ఒక ఎస్సై వచ్చాడు. అన్నీ తూయించి, రాసుకుని, వెళ్తూ వెళ్తూ మాటవరసకి అడిగాడు. "అంతా అప్పజెప్పేసినట్టేనా?"

"అంతా ఇచ్చీసినాం బాబూ," అంది దాలమ్మ. "మా పెయ్య మెడలో పలుపొక్కటే ఉన్నాది."

తవిటయ్య తల పట్టుకున్నాడు. ఎస్సై కూడా పట్టుకున్నాడు. చెవిన పడ్డాక పడనట్టు ఉండలేడు కదా, పాపం. పంచనామా రాశారు. నన్ను విప్పబోతే పెయ్య ఒక కానిస్టేబుల్ కాలు తొక్కింది. ఆ రోజు నా తరఫున మాట్లాడింది అదొక్కటే.

స్టేషన్ కొట్లో నాకు చీటీ కట్టి మేకుకి తగిలించారు. నా చుట్టూ గోనె సంచుల నిండా అసలు గంజాయి. చీమకి కూడా మత్తెక్కించలేని నేను వాటి మధ్య వేలాడుతుంటే సిగ్గేసింది. కేసు తేలేదాకా పైరు వేయొద్దని పొలం కూడా ఆపేశారు. ప్రతి సోమవారం దాలమ్మ వచ్చి వేలిముద్ర వేసి వెళ్లేది. కిటికీ అవతల ఆవిడ మాట వినపడేది.

"మావా, తమ్ముడున్న సోటుకే నన్నూ అట్టుకుపోతారేటి?"

"ఊరుకోయే. పలుపుకెవులైనా జైలేత్తారా," అనేవాడు తవిటయ్య. నాకు చేతులుంటే ఆ గోడ దాటి వెళ్లి ఆవిడ కళ్లు తుడిచేదాన్ని.

నాలోంచి జానెడు ముక్క కోసి పరీక్షకు పంపారు. మత్తు పదార్థం వెయ్యికి మూడు పాళ్లు మించకూడదన్నది నియమం. నాలో కొలవడానికే దొరకలేదు. అయినా తీసుకుపోవడం తప్పే కదా అని వాయిదాలు నడిచాయి. చివరికి ఒకనాడు జడ్జిగారు నన్ను చేతిలోకి తీసుకుని అటూ ఇటూ లాగి చూశారు.

"దాచాలనుకున్నదానివి నువ్వే ఎందుకు చెప్పావమ్మా?"

"దాయడానికేటుంది బాబూ. తొలినార దూడది. నాదీ కాదు, మీదీ కాదు."

హిమజ లేచి నిలబడింది. "తప్పు నాదండీ. ఈ ఊళ్లో నార ఎలా తీస్తారో, తీశాక ఏం చేస్తారో అడక్కుండానే ఆ కాగితం రాశాను," అంది.

కేసు కొట్టేశారు. మళ్లీ పైరుకి అనుమతి వచ్చినప్పుడు ఆ కాగితంలో అడుగున ఒక వాక్యం కొత్తగా చేరింది: తొలి నారతో ఒక పలుపు, రైతు ఇంటి దూడకు. కింద సర్కారు ముద్ర. మనుషుల చట్టంలో దూడకి వాటా రావడానికి మూడేళ్లు పట్టింది. ఆ చేర్చిన వాక్యాన్ని హిమజ దాలమ్మకి రెండుసార్లు చదివి వినిపించింది.

నన్ను ఇంటికి తెచ్చేసరికి నా పెయ్య ఆవైంది, ఈనింది కూడా. జానెడు పొట్టిదాన్నయిన నేను దాని మెడకి చాల్లేదు. నెల కూడా నిండని దాని దూడకి సరిపోయాను.

దాలమ్మ నన్ను ముడి వేస్తుంటే పొరుగింటి గౌరమ్మ కడవతో అటు వెళ్తూ ఆగింది. "ఏ నారే అది? గోగేనా?"

తవిటయ్య అవునని చెప్పబోయాడు.

"కాదు," అంది దాలమ్మ. ముడి బిగించి, పీకకి పట్టకుండా లోపలికి రెండు వేళ్లు దూర్చి చూసుకుంది. "గంజాయి నార."

తమ్ముడు పోయాక ఆవిడ నోట ఆ మాట రావడం అదే మొదలు. తవిటయ్య ఆవిడ బయటికి వెళ్లిపోతుందేమోనని చూశాడు. ఆవిడ వెళ్లలేదు. దూడ మెడ విదిలించుకుని తల్లి దగ్గరికి పాలకి పోయింది, నన్నూ తీసుకుని.