పెషావర్ ఖలాస్

గల్ఫ్‌లో మా కంపెనీ బస్సు డ్రైవర్ గుల్ జమాన్ ఖాన్‌ది పాకిస్తాన్‌లోని పెషావర్. సాయంత్రం మఫ్రఖ్ క్యాంపు చేరగానే ఇంజను ఆపి "ఖలాస్" అంటాడు. పని అయిపోయిందనీ, దిగండనీ, రేపు కలుద్దామనీ చెప్పడానికి ఆయనకు అదొక్కటే మాట. అది విన్నాకే మేము సీట్లలోంచి లేస్తాం.

2019 ఫిబ్రవరిలో మన విమానాలూ వాళ్ళ విమానాలూ కయ్యానికి లేచాయి. మా స్టోర్ కీపర్ అభిలాష్ ఆ యుద్ధమంతా ఫోన్లోనే చేశాడు. పొద్దున అమరుల కోసం కంటతడి పెట్టేవాడు, టీ వేళకు శత్రువును బూడిద చేసేవాడు, భోజనానికి మాత్రం టైముకు వచ్చేవాడు. ఆ కన్నీళ్ళు నిజమైనవే. నాకు ఒళ్ళు మండేది అందుకే.

ఆ వారమే ఖాన్ ఊరెళ్ళాలి. భార్యకు నెలలు నిండాయి. మా వాట్సాప్ గ్రూపులో అభిలాష్ అడిగాడు.

"ఖాన్ భాయ్ పోతుండా? రేపు బస్సెవలు తోల్తరు?"

ముందు సీట్లో కూర్చునే నెల్లూరు మీరా హుస్సేన్ జవాబిచ్చాడు. "పోవడం లేదబ్బా. పెషావర్ ఖలాస్."

అటు వెళ్ళే విమానాలు ఆపేశారని ఆయన భావం. మామూలు రోజుల్లో అయితే అభిలాష్‌కూ అర్థమయ్యేది. వాడు ఆ చివరి రెండు మాటలకూ మంటల బొమ్మలు తగిలించి, "గల్ఫ్ నుంచి పక్కా సమాచారం" అని కరీంనగర్ స్నేహితులకు పంపాడు.

సాయంత్రానికి అది వీడియో అయి తిరిగొచ్చింది. కూలే మేడలు, వెనక డప్పులు, "పెషావర్ ఖలాస్" అని ఒక గంభీరమైన గొంతు. బస్సులో అభిలాష్ దాన్ని పూర్తి సౌండుతో పెట్టి, తన మాటేనని గుర్తుపట్టక కళ్ళు తుడుచుకున్నాడు.

బస్సు రోడ్డు పక్కన ఆగిపోయింది. వీడియో తెలుగులో ఉన్నా ఆ రెండు మాటలూ ఖాన్‌కు చాలు. ఇంటికి ఫోన్ చేశాడు. కలవలేదు. మళ్ళీ చేశాడు. ఎప్పుడూ వార్తలు చూసేది అభిలాషే కనుక నిజమేనా అని వాడినే అడిగాడు.

"భాయ్, సచ్ హై క్యా?"

"నేను చెప్పింది టికెట్ల సంగతి కదరా నాయనా," అన్నాడు మీరా హుస్సేన్ అభిలాష్‌తో.

అది తన మాటేనని అభిలాష్‌కు అప్పుడు తెలిసింది. "ఝూట్ హై భాయ్. మైనే హీ భేజా," అని ఆ అబద్ధం పంపింది తనేనని ఒప్పుకున్నాడు.

ఖాన్ ఫోన్ చెవికి ఆనించుకునే ఉన్నాడు. చాలాసేపటికి అవతల ఎవరో ఎత్తారు. పష్తోలో నాలుగు మాటలు, ఆ వెంటనే చంటిబిడ్డ ఏడుపు. బస్సంతా వినిపించింది. ఆడపిల్లట. నాకూ ఏడుపొచ్చింది. దాన్ని ఎవరికీ పంపలేదు.

అభిలాష్ అన్ని గ్రూపుల్లోనూ "పెషావర్ క్షేమం" అని పెట్టాడు. ఎవరూ ఫార్వర్డ్ చెయ్యలేదు. ఒకాయన మాత్రం, నీది ఏ దేశం అని అడిగాడు.

క్యాంపు వచ్చింది. ఇంజను ఆగింది. అలవాటు కొద్దీ అందరం కూర్చునే ఉన్నాం. ఖాన్ అద్దంలోంచి కాసేపు మమ్మల్ని చూశాడు.

"ఉతర్ జావో, భాయ్," అని దిగమన్నాడు.

ఆ తరువాత ఆయన నోట ఆ పాత మాట మేమెవరమూ వినలేదు.