బెంచీ ఎక్కిన పెట్టె

నేను ఒక రౌటర్ని. టీవీ వెనకో, అలమర మీదో పడి ఉండి, పనిచేసినంత కాలం ఎవరికీ గుర్తురాని తెల్లపెట్టెని. నెట్టు ఆగిపోయినప్పుడు మాత్రం ఇంటిల్లిపాదీ వచ్చి నా ముందు నిలబడతారు. ఒకరు నెత్తిన తడతారు, ఇంకొకరు తీగ పీకి మళ్ళీ పెడతారు. ఆ రెండు వైద్యాలకు మించి మనుషులకు నా గురించి తెలియదు. అందుకు నాకు కోపమేమీ లేదు. నాది గర్వపడదగ్గ బతుకేనని ముందుగా చెప్పేసి మొదలుపెడతాను.

ఒక పెద్ద షెడ్డులో పుట్టాను. ఆకుపచ్చ పలక మీద ఆవగింజలంత ముక్కలు అతికించి, రెండు కొమ్ములు తగిలించి, పొట్టమీద ఒక చీటీ అంటించారు. చివరి బల్ల దగ్గర కూర్చున్న అమ్మాయి నా గుండా ఏదో పంపి చూసి, తల ఊపి, పెట్టెలో పెట్టింది. నా మొదటి పరీక్ష అది. పాసయ్యాను. ఆ తర్వాత కొన్నేళ్ళకు ఒక బడిపంతులు నన్ను మళ్ళీ పరీక్షకు కూర్చోబెడతాడని అప్పుడు తెలియదు.

నేను చేరింది మార్కాపురానికి. రాతిపలకలకు పేరుపడ్డ ఊరు. కేబుల్ పనిచేసే ఖాజావలీ నన్ను చెన్నకేశవులు మాస్టారింటికి తెచ్చాడు. మాస్టారు హైస్కూల్లో తెలుగు చెబుతారు. భార్య సుబ్బరత్నమ్మ. ఒక్కతే కూతురు వకుళ. ఆ అమ్మాయికి పుట్టుకతోనే వినపడదు. విజయవాడలో వినపడని పిల్లలు చదివే కాలేజీలో చేరి, హాస్టల్లో ఉండబోతోంది. తల్లీకూతుళ్ళు మాట్లాడుకునేది చేతులతో. చేతులు ఫోన్లో కనపడాలంటే బొమ్మ ఆగకుండా రావాలి. నన్ను తెచ్చింది అందుకు.

ఎక్కడ పెట్టాలన్నది సుబ్బరత్నమ్మ క్షణంలో తేల్చేసింది. పడకగదిలో నైరుతి మూల ఇనప బీరువా ఉంది. విలువైన వస్తువులకు అదే చోటు కాబట్టి నన్ను దాని మీద పెట్టించింది. మర్నాడు నాకు ఒక ముసుగు కుట్టింది. ఆ ఇంట్లో మిక్సీకి ముసుగుంది, టీవీకి ముసుగుంది, కుట్టుమిషనుకూ ఉంది. నాది నీలం గుడ్డ, అంచుకు తెల్ల లేసు. లోపల ఉక్కపోత మాట నిజమే. కానీ ఆ షెడ్డులో నాతో పుట్టిన వేలమందిలో కొలతలు తీసి కుట్టిన బట్ట వేసుకున్నవాణ్ణి నేనొక్కణ్ణే అయి ఉంటాను.

నా పని పోస్టుమాన్ పనిలాంటిది. నా చేతికొచ్చేవన్నీ అంటించిన కవర్లే. విప్పను, చదవను, అందజేస్తాను. ముసుగు కింద ఉన్నాను కాబట్టి ఆ తల్లీకూతుళ్ళ మాటల్లో ఒక్కటీ చూడలేదు. విన్నాను మాత్రం. రోజూ సాయంత్రం సుబ్బరత్నమ్మ నా ఎదురుగా మంచం మీద కూర్చుని మాట్లాడుతుంటే గాజులు చప్పుడయ్యేవి. కోప్పడితే ఒక రకం, నవ్విస్తే ఒక రకం. మధ్యలో మాస్టారు తలుపు దగ్గర నిలబడి "ఏమంటంది?" అని అడిగేవారు. "బాగానే ఉందంట" అనేది ఆమె. అరగంట గాజుల చప్పుడుకి ఆయనకు అందే తాత్పర్యం ఆ రెండు మాటలే. ఆయనకూ అది చాలేది.

మూడేళ్ళు అలా నడిచింది. మాఘమాసంలో సుబ్బరత్నమ్మ పోయింది. వారంపాటు జ్వరం, ఆసుపత్రి, అంతే. దాని గురించి నాకు ఇంతకంటే చెప్పడం రాదు.

పదిహేను రోజుల తర్వాత వకుళ కాలేజీకి వెళ్ళిపోయింది. మాస్టారు పడకగది తలుపు మూసి, మడత మంచం హాల్లో వేసుకున్నారు. మూసిన గదిలో, బీరువా మీద, ముసుగు కింద, నా ఆకుపచ్చ దీపాలు వెలుగుతూనే ఉన్నాయి. ఎవరికీ కనపడకుండా పనిచేయడం నాకు కొత్త కాదు. కానీ ఆ ఇంటి గోడలు మూరెడు మందం రాతిగోడలు. పక్కనే నిలువెత్తు ఇనప బీరువా, నెత్తిన బట్ట, ఎదురుగా మూసిన తలుపు. హాల్లోకి నా కేక వెళ్ళేసరికి గొణుగుడయ్యేది.

ఆ రోజుల్లో నేను చూడనివి తర్వాత వీళ్ళ మాటల్లో విని చెబుతున్నాను. మాస్టారు హాల్లోంచి కూతురికి ఫోను చేసేవారు. చేతిభాషలో ఆయనకు పట్టుమని పది మాటలు వచ్చు. అన్నం, బడి, వద్దు, రా, మంచిది, అలాంటివి. ఆ పది మాటలు పూర్తయ్యేలోపే బొమ్మ ఆగిపోయేది. కూతురి చెయ్యి సగం లేచి గాల్లోనే నిలిచిపోతే, అది రమ్మనడమో వద్దనడమో తెలియక ఆయన బొమ్మ కదిలేదాకా చూసి, చివరికి ఫోను పెట్టేసేవారు.

ఒక బుధవారం హాస్టలు వార్డెను ఫోను చేసింది. స్పీకర్లో పెట్టారు కాబట్టి మూసిన తలుపులోంచి నేనూ విన్నాను.

"మాస్టారండీ, మీ అమ్మాయి చదువు మానేసి ఇంటికొచ్చేస్తానంటోంది. సోమవారం టీసీ అడుగుతానంటోంది. ఎందుకమ్మా అంటే చెప్పదు. ఆదివారం లోపల మీరొకసారి మాట్లాడండి."

"మాట్లాడతానమ్మా" అన్నారు మాస్టారు.

పరీక్షల రోజులు కావడంతో సెలవు దొరకదు. నెలకిందట ఒకసారి వెళ్ళే వచ్చారు. ఎదురెదురుగా కూర్చున్నారుగానీ, మధ్యలో ఉండాల్సిన మనిషి లేదు. ఆయన కాగితం మీద రాసిచ్చారు, ఆమె చదివి మడిచి దాచుకుంది. మాట్లాడటమంటే అది కాదని ఇద్దరికీ తెలుసు.

ఆ సాయంత్రం ఆయన నెట్టు కంపెనీకి ఫోను చేశారు. పాట వినిపించింది. ఒకటి నొక్కమంది, నొక్కారు. మూడు నొక్కమంది, నొక్కారు. చివరికి ఒక గొంతు, రౌటర్ తీగ పీకి మళ్ళీ పెట్టమని చెప్పింది. మాస్టారు థాంక్స్ చెప్పి పెట్టేశారు. అప్పుడు నేను ఊహించనిది జరిగింది. ఆయన రూళ్ళకర్రతో ఒక నోటుబుక్కులో గీతలు గీశారు.

బళ్ళో ఎవరో ఫోన్లో స్పీడు కొలిచే యాప్ ఒకటి వేసిచ్చారు. మాస్టారు దాన్ని పట్టుకుని, మూసిన గది తప్ప ఇల్లంతా తిరిగారు. ప్రతి చోటా మూడుసార్లు కొలిచి సగటు తీశారు. మేము తీసుకున్న ప్లాను స్పీడు వంద కాబట్టి నూటికి ఇన్ని అని మార్కులు వేయడం ఆయనకు సులువైంది. హాలుకు మూడు. వంటింటికి రెండు. వరండాలో పరీక్షే మొదలవలేదు, గైర్హాజరు అని రాశారు. ముప్పై అయిదు లోపు వచ్చినవాటికి ఎర్రసిరా. పుస్తకమంతా ఎరుపే. తప్పు నాదని ఆయన అనుకుంటున్నారేమోనని నాకు ఆందోళనగా ఉండేది. నేను మాట్లాడలేను, దీపాలు ఆడించగలను, అవీ ముసుగు కిందే.

శనివారం సాయంత్రం ఆయన కబురు చేస్తే ఖాజావలీ వచ్చాడు. నలభై దాటిన మనిషి, మాస్టారి దగ్గర చదువుకున్నవాడు. నోటుబుక్కు తిరగేసి నవ్వాడు.

"ఇంకా ఎర్రసిరా మానలేదా అయ్యోరూ? పెట్టె యాడుంది?"

మాస్టారు మూసిన తలుపు వైపు చూశారు. ఖాజావలీ నవ్వు ఆపేశాడు. కాసేపటికి మాస్టారే వెళ్ళి గడియ తీశారు. రెండు నెలల తర్వాత ఆ గదిలోకి వెలుతురు వచ్చింది. ఖాజావలీ తన దగ్గరున్న చిన్న కంప్యూటరుకు నా నుంచి తీగ కలిపి కొలిచాడు. తొంభై ఆరు.

"చూడండి, తొంభై ఆరు. పిల్లోడు బాగానే చదువుతున్నాడు. చీకటి కొట్లో పెట్టి పాఠం అప్పజెప్పమంటే బయటికి ఎట్టా వినపడుద్ది?"

మాస్టారు నోటుబుక్కు తెరిచి నీలిసిరాతో వేసిన ఆ అంకె ఇప్పటికీ అందులో ఉంది. నా జీవితంలో నన్ను ఎవరూ అంత శ్రద్ధగా దిద్దలేదు.

ఖాజావలీ ముసుగు వైపు చెయ్యి చూపించాడు. "పెళ్ళికూతురికేసినట్టు దీనికి ముసుగేసింది ఎవరు? ఊపిరాడాలగా పాపం."

"వకుళ వాళ్ళమ్మ కుట్టింది" అన్నారు మాస్టారు.

ఖాజావలీ చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఇక దాన్ని తాను ముట్టుకోనన్నట్టు నిలబడ్డాడు. మాట మార్చి అడిగాడు. "పోనీ మెసేజీలన్నా పెట్టుకోవచ్చుగా అయ్యోరూ? పాప తెలుగు రాసుద్దిగా."

మాస్టారు మంచం అంచున కూర్చున్నారు. "రాసేది. వాళ్ళమ్మ పోయాక హాస్టలుకి వెళ్ళిన కొత్తలో ఒకటి రాసింది. 'అమ గుర్తొస్తంది' అని. మకు మ ఒత్తు పడలేదు. నేను దిద్ది పంపాను." ఆయన గొంతు పాఠం చెప్పేటప్పటిలాగే ఉంది. "అప్పట్నుంచి సరేనన్నట్టు ఎత్తిన బొటనవేలు బొమ్మ ఒక్కటే పెడుతుంది. మాటలు రాయదు."

ముప్పై ఏళ్ళుగా తప్పు కనపడితే ఆయన చెయ్యి తనంతట తానే కదులుతుంది.  

ఖాజావలీ మళ్ళీ నా వైపు తిరిగాడు. "ఎనిమిదో తరగతిలో నన్ను బెంచీ ఎక్కిచ్చారు, గుర్తుందా అయ్యోరూ? పైన నిలబెడితే అందరికీ కనపడతాడు ఎదవ అన్నారు. దీన్ని గూడా బెంచీ ఎక్కియ్యండి. హాలు మధ్యన, ఎత్తులో, చుట్టూ ఏమీ అడ్డం లేకుండా."

మాస్టారు లేచి, నా మీది ముసుగు రెండు చేతులతో తీశారు. దుమ్ము దులిపి, నాలుగు మడతలు పెట్టారు. ముసుగు పడ్డాక మొదటిసారి నాకు ఆ గది కనిపించింది. గోడమీద సుబ్బరత్నమ్మ ఫోటో ఉంది. ఎడమ ముక్కుకు చిన్న పుడక. మూడేళ్ళుగా నేను విన్న గాజులు ఆ చేతులవేనని అప్పుడు తెలిసింది.

పొడుగు తీగ లాగి నన్ను హాల్లోకి తెచ్చారు. ఎత్తు స్టూలు మీద మడతపెట్టిన ముసుగు పరిచి, దానిమీద నన్ను కూర్చోబెట్టారు. నెత్తిన ఉండాల్సింది ఇప్పుడు నా కింద ఆసనమైంది. ఆ వీధిలో పెట్టెలన్నీ ఒకే ఛానెల్లో, అంటే గాల్లో ఒకే దారిలో, తోసుకుంటున్నాయని ఖాజావలీ నన్ను ఖాళీ దారిలోకి మార్చాడు. మాస్టారు మళ్ళీ కొలిచారు. హాలు డెబ్భై నాలుగు. వంటిల్లు నలభై ఒకటి. గైర్హాజరైన వరండా కూడా హాజరై ముప్పై ఎనిమిది తెచ్చుకుంది. ఖాజావలీ వెళ్తూ నాకు చెయ్యెత్తి దండం పెట్టాడు. ఎగతాళికే అనుకోండి, నేను నిజమని తీసుకున్నాను.

ఆదివారం సాయంత్రం మాస్టారు ఉతికిన చొక్కా వేసుకుని, ఫోనును పుస్తకాల దొంతికి ఆనించి, నా ఎదురుగా కూర్చున్నారు. నోటుబుక్కు పక్కనే ఉంది. వకుళ తెరమీదికొచ్చింది. నేను ఆ పిల్లను చూడటం అదే మొదలు. చేతులు వేగంగా కదిలాయి, ఎక్కడా ఆగలేదు. మాస్టారు నెమ్మదిగా అని సైగ చేశారు. ఆమె మళ్ళీ నెమ్మదిగా చెప్పింది. నువ్వు. ఒంటరి. నీతో మాట్లాడటానికి ఎవరూ లేరు. నేను వస్తా.

తన కోసమే చదువు మానేస్తానంటోందని ఆయనకు అర్థం కావడానికి కొంచెం సమయం పట్టింది. ఆయన పది మాటల్లోంచి వెతుక్కుని మొదలుపెట్టారు. వద్దు. బడి. మంచిది. తర్వాతి మాటకు ఆయన చెయ్యి ఆగింది, బొమ్మ ఆగలేదు. చూపుడువేలు ఎత్తి, కుడి ముక్కు పక్కన పెట్టారు. ముక్కుపుడక. ఆ ఇంట్లో అమ్మ అనడానికి అదే గుర్తు. బడి మంచిదని అమ్మ అనేది అని చెప్పాలనుకున్నారు.

వకుళ కదలలేదు. మాస్టారు నా వైపు చూశారు, మళ్ళీ ఆగిపోయిందేమోనని. నా దీపాలు వెలుగుతూనే ఉన్నాయి. అప్పుడామె తల అడ్డంగా ఊపి, వేలెత్తి, తన ఎడమ ముక్కు మీద పెట్టి చూపించింది. ఇటు.

ముప్పై ఏళ్ళు ఎదురుగా కూర్చుని చూసిన మనిషి. ఆయనకు ఆ పుడక ఎప్పుడూ తన కుడిచేతి వైపే కనిపించింది. ఆయన వేలు దించి, రెండోవైపుకు మార్చారు. ఆమె తల ఊపి, ఇంకోసారి అని చేతితో చూపించింది. ఆయన చేశారు. ఇంకోసారి అంది. మూడోసారి చేసేటప్పటికి ఇద్దరూ నవ్వుతున్నారు. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

ఆ తర్వాత బేరం కుదిరింది. ఆమె చదువు మానదు. రోజుకు ఒక మాట ఈయనకు నేర్పుతుంది. తప్పు చేస్తే దిద్దుతుంది. మర్నాడు పొద్దున ఆయన ఫోనుకు వచ్చిన మెసేజీలో వేలు బొమ్మ లేదు. 'నానా సాయత్రం పాటం ఉంది' అని ఉంది. ఆ నాలుగు మాటల్లో ఎన్ని తప్పులున్నాయో ఆయనకు తెలుసు. చదివి, 'సరే టీచరుగారూ' అని రాసి పంపారు.

ఇప్పటికి పాఠాలు అరవై దాటాయి. నా తెలుపు పసుపు తిరిగింది. ఒక కొమ్ము వదులై టేపు చుట్టారు. కొత్తరకం పెట్టెలొచ్చాయని, నన్ను మార్చేద్దామని ఖాజావలీ వచ్చినప్పుడల్లా అంటాడు. ఇది చాల్లేరా అంటారు మాస్టారు. ఎప్పుడో ఒకరోజు నేనూ పాత సామాను బుట్టలోకి వెళ్ళాల్సిందే. వెళ్ళేటప్పుడు నాకు చిన్నతనంగా ఉండదు.

ఎందుకంటే ఆ నోటుబుక్కు ఇక్కడే, నా స్టూలు కింది అరలో ఉంది. ఆయన ఇప్పటికీ ప్రతి సాయంత్రం నా స్పీడు కొలిచి మార్కులు వేస్తారు. ఒక్కరోజు మాత్రం మరిచిపోయారు. వకుళతో మాట్లాడిన ఆ ఆదివారం తేదీ వేసి ఉంది, ఎదురుగా గడి ఖాళీగా ఉంది. ఆ గడిలో నూటికి నూరు అని నేనే చదువుకుంటాను.