కలపని సెకను

భూమి ఏమంత నిక్కచ్చి మనిషి కాదు. ఒకనాడు కాస్త నిదానంగా, ఒకనాడు కాస్త తొందరగా తిరుగుతుంది. ఆ తేడా ఏ వెయ్యో వంతు సెకనో. మనకు చీమ కుట్టినట్టైనా ఉండదు. కాలప్రమాణ కేంద్రంలోని గడియారాలు మాత్రం ఊరుకోవు. భూమి వెనకబడ్డ కొద్దీ ఆ వెయ్యో వంతులన్నీ పోగుపడి, రెండు మూడేళ్లకు సెకనుకు దగ్గరవుతాయి. అప్పుడు గడియారాలకు ఒక సెకను అదనంగా కలిపి, భూమి వచ్చి అందుకునేదాకా వాటిని ఆపుతారు.

ఆ కలిపే పని ఇరవై నాలుగేళ్లుగా గడియారం మేడమ్‌ది. ఆవిడ అసలు పేరు జీతం కాగితాల్లో తప్ప ఎక్కడా వినపడదు. ఒంటరి మనిషి. రెండు తలుపుల చల్లటి గదిలో ఎండాకాలమైనా స్వెటర్ వేసుకుని కూర్చుంటుంది. ఇంటికెళ్తే పలకరించేది ఫ్రిజ్ మోత ఒక్కటే.

ఇలాంటి కేంద్రమే ఇంకొకటి వేరే నగరంలో ఉంది. రెండుచోట్లా ఒకేసారి సెకను కలపాలి గనక, నడుమ నేరుగా ఒక ఫోన్ పెట్టారు. ఎత్తితే చాలు, అవతల మోగుతుంది. సెకను కలిపే రోజు ఉదయం ఐదున్నర అవుతుండగా ఈవిడ "యాభై తొమ్మిది" అంటుంది. అవతలి ఇంజనీరు "అరవై" అంటాడు. ఇద్దరూ కలిసి "సున్నా" అని ఫోన్ పెట్టేస్తారు. మామూలు రోజుల్లో యాభై తొమ్మిది తర్వాత సున్నాయే. అరవై అనే మాట ఆ ఒక్క రోజుకే.

ఆయన్ని ఆవిడ ఎన్నడూ చూడలేదు. ఇన్నేళ్లలో మాట్లాడుకున్నది ఐదుసార్లు. మొదటిసారి అంకెలే. రెండోసారి దగ్గు వచ్చి "క్షమించండి" అన్నాడు. మూడోసారి అక్కడ వాన పడుతోందన్నాడు. నాలుగోసారి ఇద్దరూ నవ్వుకున్నారు, ఎందుకో ఇద్దరికీ తెలియదు. ఐదోసారి సున్నా అన్నాక ఆయన కాస్త ఆగి, "మీకో మాట చెప్పాలండీ. ఇప్పుడు కాదులెండి, లైను ఖాళీ చెయ్యాలి. వచ్చేసారి చెప్తాను," అన్నాడు.

"అలాగేనండీ," అంది ఆవిడ.

ఆ వచ్చేసారి రాలేదు. భూమికి ఏ పూనకం వచ్చిందో, వడి పెంచింది. ఆరు నెలలకోసారి పై కార్యాలయం నుంచి ఉత్తరం: ఈసారి సెకను కలపనవసరం లేదు. ఒకటి కాదు, రెండు కాదు, తొమ్మిదేళ్లు. ప్రతి ఉత్తరాన్నీ ఆవిడే ఫైల్లో పెట్టింది. పెట్టిన ప్రతిసారీ ఆ రోజంతా దిగులుగా ఉండేది. ఫోన్ చెయ్యొచ్చుగా అంటారా? ఆ ఫోన్ సెకను కోసం. సెకను లేకుండా ఎత్తడమంటే, ఎక్కడా మంట లేకుండా ఫైరింజన్ను పిలిచినట్టే ఆవిడకు. వెయ్యో వంతులు లెక్కపెట్టే మనిషి తొమ్మిదేళ్లు చేతులారా పోగొట్టుకుంది.

మొన్న సోమవారం వేరే ఉత్తరం వచ్చింది. సెకను కలిపే పద్ధతే ఎత్తేస్తున్నారట. మర్నాడు ఆ ఫోన్ పీకేయడానికి మనిషి వస్తాడట.

ఆవిడ రెండుసార్లు చదివి, రిసీవర్ ఎత్తింది.

అవతల ఎవరో అమ్మాయి గొంతు. "ఇది మోగుతుందని కూడా నాకు తెలీదు మేడమ్. సార్ రిటైరై నాలుగేళ్లయింది. ఇంటి నంబర్ ఇవ్వనా?"

నంబర్ రాసుకుని ఆవిడ వరండాలోకి వచ్చింది. ఎండలో స్వెటర్‌తోనే నిలబడి, తన సెల్‌ఫోన్‌లో కలిపింది.

"ఎవరండీ?" ఆ గొంతే, కాస్త అరిగింది.

"నేనండీ. గడియారాల ఆఫీసు నుంచి."

"సెకను కలుపుతున్నారా?"

"లేదండీ. ఇక ఎప్పటికీ కలపరట. మీరు నాకో మాట చెప్తానన్నారు."

"అన్నానండీ, అన్నాను." ఆయన గొంతు తడబడింది. "మూడు నాలుగేళ్లు రోజూ అనుకునేవాణ్ణి, ఇలా చెప్పాలి, అలా చెప్పాలి అని. ఇప్పుడు అదేమిటో గుర్తు రావడం లేదు."

ఆవిడకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. తొమ్మిదేళ్లు దాచుకున్నది ఇదా అనిపించింది.

"ఫర్వాలేదండీ," అంది చివరికి. "ఉంటాను మరి."

"పెట్టెయ్యకండి," అన్నాడాయన. "ఇంట్లో ఎవరూ లేరు, నాకు పనీ లేదు. గుర్తొచ్చేదాకా ఉండండి."