పూర్తిగా మా పొరపాటే

ఆమెకి ఇంట్లో 'క్షమించండి పిన్ని' అని పేరు. పెట్టింది అక్క కూతురు, ఎనిమిదేళ్ళ గడుగ్గాయి. తలుపు తన నుదుటికి తగిలితే తలుపుకే క్షమాపణ చెప్పే మనిషిని ఇంకేమని పిలుస్తారు చెప్పండి! ఫ్రిజ్‌లూ బట్టల మిషన్లూ తయారుచేసే కంపెనీలో ఫిర్యాదులు వినే ఉద్యోగం ఆమెది. చెవులకి హెడ్‌సెట్ తగిలించుకుని పొద్దున్నుంచి సాయంత్రం దాకా ముక్కూమొహం తెలియని వాళ్ళ తిట్లన్నీ తినడం, తిన్న ప్రతి తిట్టుకీ మర్యాదగా బదులివ్వడం. తొమ్మిదేళ్ళుగా ఇదే పని. ప్లగ్గు పెట్టడం మర్చిపోయి, మిషన్ తిరగట్లేదని అరగంట గొంతు చించుకున్న పెద్దమనిషికి కూడా చివరికి తనే క్షమాపణ చెప్పింది.

అలాంటి మనిషి ఆ గురువారం పొద్దున పోలీస్ స్టేషన్ మెట్ల దగ్గర నిలబడింది. అరచేతుల్లో చెమట. చీర కొంగుతో తుడుచుకున్నా మళ్ళీ పడుతోంది.

జరిగిందేమిటంటే, సోమవారం సాయంత్రం ఐదున్నరకి ఆఫీసు నుంచి తన చిన్న కారులో ఇంటికి బయల్దేరింది. రోజూ వచ్చే నాలుగు రోడ్ల కూడలే. పచ్చ లైటు చూసింది. గేరు మార్చింది. ఎడమ పక్కన పెద్ద చప్పుడు. అంతవరకే గుర్తు. ఆ తర్వాత ఆస్పత్రి వరండాలో ఇనుప బల్ల. మధ్యలో అరగంట ఏమైపోయిందో ఎంత వెతుక్కున్నా దొరకలేదు.

మిగతాది ఇతరులు చెప్పారు. ఎడమవైపు రోడ్డు నుంచి వచ్చిన పెద్ద కారు ఆమె కారుని గుద్దింది. ఆ ఊపుకి ఈ చిన్న కారు గిర్రున తిరిగి ఫుట్‌పాత్ ఎక్కింది. ఆ మూల మీద గోనెపట్టా పరుచుకుని గొడుగులు బాగుచేసే ముసలాయన ఉంటాడు. అందరికీ ఆయన గొడుగుల తాత. ఆ పొద్దున్నే ఆమె, ఊచ విరిగిన తన గొడుగు ఆయన చేతిలో పెట్టి వెళ్ళింది. "సాయంత్రానికి చేసిపెడతాలే అమ్మాయ్" అన్నాడు. సాయంత్రానికి ఆమె కారే ఆయన మీదికి వెళ్ళింది. తుంటి ఎముక విరిగింది, తలకి దెబ్బ తగిలింది. మూడు రోజులైనా కళ్ళు తెరవలేదు.

ఎర్ర లైటు దాటింది ఎవరు? అదీ తేలాల్సింది. కూడలిలో కెమెరా ఉంది గానీ అది నెల రోజులుగా పనిచేయడం లేదట. పెద్ద కారాయనకి టైల్స్ దుకాణం ఉంది. ఆయన మంగళవారమే స్టేషన్‌కి వెళ్ళి, "తప్పు నాదేనని ఆవిడే ఒప్పుకుంది సార్, నా ఫోన్లో ఉంది" అని చెప్పొచ్చాడు. ఆ కబురు చేరేసరికి ఆమె గుండె గుభేలుమంది. తాతకి ఏమైనా అయితే జైలేనని ఆ నిమిషంలోనే తీర్మానించేసుకుంది.

అక్క ఊరుకుందా? అబ్బే! "వందసార్లు చెప్పానే, ఆ నోరు నీ కొంప ముంచుతుందని! రోడ్డు మీద కూడా ఆ పాడు మాట అనాలా?" అంటూ తిడుతూనే ఏడ్చింది, ఏడుస్తూనే అన్నం కలిపి పెట్టింది. ఒక్క ముద్ద లోపలికి దిగితే ఒట్టు.

పై వాటాలో ఉండే లాయరమ్మ దిగి రాకపోతే ఆమె మంగళవారమే వెళ్ళి ఏ కాగితం చూపిస్తే దాని మీద సంతకం పెట్టేసి ఉండేది. అరవై దగ్గర పడ్డ మనిషి, కళ్ళజోడు ముక్కు చివరన పెట్టుకుని మాట్లాడుతుంది.

"ప్రమాదం జరిగిన చోట చెయ్యాల్సినవి నువ్వు చెయ్యలేదు. సరే, నీకు స్పృహ సరిగ్గా లేదు. ఇప్పుడు చెయ్యాల్సినవి చేద్దాం" అంది. ముందు డాక్టరు దగ్గరికి మళ్ళీ తీసుకెళ్ళి, తలకి దెబ్బ తగిలి కాసేపు జ్ఞాపకం పోయిందని కాగితం మీద రాయించింది. కారుని షెడ్డుకి పంపబోతున్న బావని గుమ్మంలోనే ఆపేసింది. "ఆ సొట్ట కూడా సాక్షేనయ్యా. అన్ని వైపుల నుంచీ ఫోటోలు తియ్యి, ఆ తర్వాత పంపుదువుగాని." ఇన్సూరెన్సు వాళ్ళకి ఉత్తరం దగ్గరుండి రాయించింది. "ఏం జరిగిందో అంతే రాయి. తప్పెవరిదో నువ్వు తేల్చకు, అది నీ పని కాదు."

ఇక స్టేషన్ సంగతి. "నీ వాంగ్మూలం వాళ్ళు రాస్తారు. సంతకం పెట్టేముందు ప్రతి అక్షరం చదువుకునే హక్కు నీకుంది. తేడా ఉంటే దిద్దమను. నీకు వ్యతిరేకంగా ఏదో ఉందంటే, ముందు నాకు చూపించండి అని అడుగు. నేను పక్కనే ఉంటాను, కానీ మాట్లాడాల్సింది నువ్వే."

"నిజంగా నేనే తప్పు చేసుంటే ఆంటీ?"

"గుర్తొస్తే చేశానని చెప్దువుగాని. గుర్తులేనిది ఒప్పుకుంటే అది నిజం చెప్పడం ఎలా అవుతుందే? తాతని చూడ్డానికి కూడా ఈ పని అయ్యేదాకా వెళ్ళకు. అక్కడ ఆ మనిషి కాళ్ళ మీద పడి ఇంకేం ఒప్పుకుంటావో నాకు తెలీదు."

ఆమెని పీక్కుతిన్నది ఆ ప్రశ్నే. జైలు కన్నా అదే ఎక్కువ. పచ్చ లైటు నిజంగా చూసిందా? చూశాననుకుంటోందా? కళ్ళు మూసుకుంటే ఒకసారి పచ్చగా, ఒకసారి ఎర్రగా కనిపిస్తోంది. తనేం అనకపోతే ఆయన ఫోన్లోకి ఎలా వస్తుంది? ఏదో తెలిసే కదా అని ఉంటుంది!

లోపల గదిలో పొడుగు బల్ల, ఐదు కుర్చీలు, గోడకి చప్పుడు చేస్తూ తిరిగే ఫ్యాను ఉన్నాయి. బల్లకి అటువైపు ఇన్‌స్పెక్టర్, పక్కన కాగితాల కట్టతో రైటరు. టైల్స్ ఆయన అప్పటికే కూర్చుని ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా, సెంటు వాసన. ఆమెని చూడగానే, "రామ్మా చెల్లెమ్మా, కూర్చో. నాకేం కోపం లేదు" అన్నాడు. కోపం ఉండాల్సింది ఎవరికో మరి!

రైటరు ముందే రాసిపెట్టుకున్న కాగితం ఆమె ముందుకి తోశాడు. "కింద సంతకం చేసెయ్యండమ్మా. ఐదు నిమిషాల పని."

ఆమె చెయ్యి పెన్ను మీదికి దానంతటదే వెళ్ళింది. తొమ్మిదేళ్ళ అలవాటు, ఎవరేం చెప్పినా సరేననడం. పక్కన కూర్చున్న లాయరమ్మ దగ్గింది. పెద్ద దగ్గేం కాదు గానీ ఆమె చెయ్యి ఆగిపోయింది.

"చదువుకుంటానండీ" అంది. తన గొంతు తనకే వినిపించలేదు. "చదువుకుని చేస్తానండీ."

అక్షరాలు అలుక్కుపోతున్నాయి. మూడో లైను దగ్గర కళ్ళు ఆగాయి. 'సంఘటనా స్థలంలో నేను, క్షమించండి, పూర్తిగా నా పొరపాటే అని ఒప్పుకున్నాను.'

అనే ఉంటుంది. తనలాగే ఉంది ఆ మాట. కానీ ఎక్కడో ఏదో తేడా. ఏమిటో తెలియదు.

"అది... అది ఒకసారి చూపిస్తారాండీ? ఫోన్లో ఉందన్నారు కదా."

"ఎందుకమ్మా మళ్ళీ బాధ!" అన్నాడు టైల్స్ ఆయన. "ఆడమనిషి కదా సార్, త్వరగా తేల్చేసి పంపించెయ్యండి."

ఇన్‌స్పెక్టర్, టైల్స్ ఆయన పంపిన వీడియో తన ఫోన్లో తీసి బల్ల మీద పెట్టాడు.

నాలుగంటే నాలుగు సెకన్లు. అందులో ఒక ఆడమనిషి. చెవి పక్క నుంచి నెత్తురు మెడ మీదికి కారుతోంది, జుట్టు నిండా గాజు పెంకులు. కళ్ళు ఎటో చూస్తున్నాయి. నోరు మాత్రం నవ్వుతోంది. అవును, నవ్వుతోంది! "క్షమించండి, పూర్తిగా మా పొరపాటే. మీకు క..." అంతే, ఆగిపోయింది.

ఆమెకి ఒళ్ళు జలదరించింది. అది తన గొంతే, కానీ ఇంట్లో గొంతు కాదు. ఆఫీసు గొంతు. 'మాట్లాడుతూ నవ్వండి, నవ్వు ఫోన్లో వినపడుతుంది' అని నేర్పించిన గొంతు.

"సార్, నేను 'మా' అన్నానండీ. ఇందులో 'నా' అని రాశారు."

రైటరు తల గోక్కున్నాడు. "రెండూ ఒకటేగా అమ్మా. కార్లో మీరొక్కరే ఉన్నారు, 'మా' అంటే బాగోదని సరిచేశాను."

"అదేనండీ. నేనొక్కదాన్నే ఉంటే 'మా' అని ఎందుకంటానండీ?"

లాయరమ్మ కళ్ళజోడు పైకి తోసుకుంది. "ఇన్‌స్పెక్టర్ గారూ, మాట మధ్యలో తెగింది. తీసేవాళ్ళు మాట మధ్యలో ఆపరు. కోసేవాళ్ళే ఆపుతారు. ముక్క కాదు, మొత్తం తెప్పించండి."

"అంతే ఉంది. నేను తీసిందే అంత" అన్నాడు టైల్స్ ఆయన. చిరునవ్వు అలాగే ఉంది గానీ చెయ్యి జేబు మీదికి వెళ్ళింది.

ఆ చెయ్యి ఆమె చూసింది. తర్వాత ఏముందో తనకి గుర్తులేదు. ఒక్క ముక్క గుర్తులేదు. 'నేను చూసుకోలేదు, ఎర్ర లైటు దాటేశాను' అని ఉంటే? తన గొయ్యి తనే తవ్వుకున్నట్టు. నోరు మూసుకుంటే ఈ నాలుగు సెకన్లే ఉంటాయి. తెరిస్తే ఇంకేం బయటపడుతుందో! ఆ 'మీకు క' దగ్గరే మనసు ఆగిపోయింది. తొమ్మిదేళ్ళలో ఆ మాట ఒక్కసారి కూడా అక్కడ ఆగలేదు.

"సార్, తర్వాత ఏముందో నేను చెప్తానండీ" అంది. "నాకు గుర్తొచ్చి కాదు. ఆ మాట తర్వాత నేను ఎప్పుడూ ఏమంటానో అది చెప్తాను. ఫోన్లో అది లేకపోతే మీరు రాసిన కాగితం మీదే సంతకం పెడతాను."

లాయరమ్మ గబుక్కున ఆమె మోచెయ్యి పట్టుకుంది. వద్దన్నట్టు గట్టిగా నొక్కింది. ఆమె ఆగలేదు. కళ్ళు మూసుకుని, నవ్వు తెచ్చిపెట్టుకుని, ఆ గొంతుతో మొదలుపెట్టింది.

"క్షమించండి, పూర్తిగా మా పొరపాటే. మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాం. మీ ఫిర్యాదు నమోదు చేసుకున్నాం. దయచేసి లైన్లో ఉండండి."

రైటరు పెన్ను కింద పడేశాడు. "అమ్మా, మీరా! మా బట్టల మిషన్‌కి పోయిన నెల ఇదే గొంతు..." అని, ఇన్‌స్పెక్టర్ చూపు చూసి మిగతాది మింగేశాడు.

ఇన్‌స్పెక్టర్ చెయ్యి చాచాడు. "మీ ఫోన్ ఇలా ఇవ్వండి."

"అందులో ఇంటివాళ్ళ ఫోటోలు ఉంటాయి సార్..."

"వాటితో నాకేం పని? సోమవారం వీడియో తీసి ఇవ్వండి. లేదంటే ఫోన్ జప్తు చేసి రసీదు ఇస్తాను. మీ ఇష్టం."

అసలు వీడియో నలభై సెకన్లు ఉంది. అది మొదలయ్యేసరికి ఆమె పై ప్రాణాలు పైనే పోయాయి. కుర్చీ చెయ్యి పట్టుకుంది. క్షమించండి, పూర్తిగా మా పొరపాటే. మీకు క... ఇప్పుడు. ఇప్పుడే.

"...లిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాం" అంది ఫోన్లో ఆడమనిషి, నెత్తురు తుడుచుకోకుండా, నవ్వుతూ. "మీ ఫిర్యాదు నమోదు చేసుకున్నాం. దయచేసి లైన్లో ఉండండి."

అక్షరం పొల్లుపోలేదు. లాయరమ్మ పట్టు వదిలింది. కానీ వీడియో ఆగలేదు. ఫోన్లో ఆ మనిషి అటూ ఇటూ చూసింది. నవ్వు పోయింది. గొంతు మారిపోయింది, ఈసారి ఆఫీసుది కాదు.

"తాత ఏడీ? గొడుగుల తాత ఏడండీ? ఇక్కడే కూర్చుంటాడు. నా కారు కింద... చూడండీ, ఎవరైనా చూడండీ! తాత ఏడీ?"

ఫోన్ పట్టుకున్న మగమనిషి గొంతు దగ్గరగా వినపడింది. "ముసలాడి సంగతి తర్వాత. ఇందాకటిది ఇంకోసారి చెప్పమ్మా. తప్పు మీదేనన్నావే, అది."

వీడియో అయిపోయింది. టైల్స్ ఆయన కిటికీ వైపు చూస్తున్నాడు. ఆమె ఏడుస్తోంది. నాలుగు రోజులుగా భయంతో రాని ఏడుపు ఇప్పుడు వచ్చింది.

ఇన్‌స్పెక్టర్ రాసి ఉన్న కాగితం తీసి అడ్డంగా గీత కొట్టాడు. "మీరు బయట కూర్చోండి. మీతో వేరే మాట్లాడాలి" అన్నాడు టైల్స్ ఆయనతో. రైటరు కొత్త కాగితం తీసుకున్నాడు. పచ్చ లైటు చూశాను, ఎడమవైపు చప్పుడు విన్నాను, తర్వాత గుర్తులేదు. ఆమె చెప్పినట్టే రాశాడు, ఒక్క మాట సరిచేయలేదు.

"వీడియోలో మాటల సంగతి కూడా రాయాలమ్మా. ఏవి మీవో చెప్పండి, అవే రాస్తాను."

"చివరివి రాయండి" అంది ఆమె. "అవి నావి."

'తాత ఏడీ అని అడిగాను' అని రాశాడు రైటరు. ఆమె కాగితాన్ని పైనుంచి కిందిదాకా, వేలు పెట్టి రెండుసార్లు చదువుకుంది. వాళ్ళందరూ ఎదురుచూస్తున్నారని తెలిసినా క్షమించమని అడగలేదు. సంతకం పెట్టి, లాయరమ్మ వైపు తిరిగింది.

"ఇప్పుడు ఆస్పత్రికి వెళ్ళొచ్చా ఆంటీ?"